అయిపోయిందండీ

1998 జూన్ 7, ఆదివారం

పదిహేనుకి ఐదు.

రెండు, రెండు, ఒకటి. ముగ్గురు జడ్జీలు, తలా ఐదు మార్కులు వెయ్యొచ్చు. వేస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? ఫొటోల క్లబ్బులో చేరి ఏడాదైంది. నెలనెలా మొదటి ఆదివారం చర్చి నుంచి తిన్నగా పటమట స్కూలుకి వెళ్ళడం, ఏడో తరగతి పిల్లల బల్లల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చోవడం, నా ఫొటోకి మార్కులు వేస్తుంటే అది నాది కానట్టు కిటికీలోంచి బయటికి చూడడం. ఇవాళ కిటికీ అవతల ఉన్న ఆవు కూడా నావైపు జాలిగా చూసింది.

ఏం తక్కువైంది ఆ ఫొటోకి? నేను కంట్రోలర్‌గా పనిచేసే హనుమాన్ జంక్షన్ బస్టాండులో టీ కొట్టు బసవపున్నయ్య. పొద్దుటి ఎండ కుడివైపు నుంచి పడుతోంది. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. మీసంలో వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. "ఒక్క నిమిషం ఆగండి కంట్రోలర్ గారూ" అని లోపలికెళ్ళి, బనీను మీద తెల్లచొక్కా తొడుక్కుని, తల తడిపి దువ్వుకుని వచ్చి మరీ నిలబడ్డాడు. కెమెరా అంటే ఎవరైనా అంతే కదా.

క్లబ్బు ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు, రిటైరైన ఇంజనీరు, అందరి ముందూ ఏమన్నారంటే, "ఈయన ఫొటో తీయించుకుంటున్నాడండీ. జెండా వందనానికి నిలబడ్డట్టున్నాడు. ఇందులో టీ కొట్టు మనిషి ఎక్కడున్నాడు?"

మరి ఆ గ్లాసు పట్టుకున్నది ఎవరు, కలెక్టరా?

ఇంటికి రాగానే డయానా నా మొహం చూసి సంగతి కనిపెట్టేసింది. అన్నం పెట్టి, నేను తినేదాకా ఆగి, మెల్లగా మొదలుపెట్టింది.

"ఏవండీ, డిసెంబర్లో రాష్ట్రం మొత్తానికీ ఫొటోల పోటీ మన బెజవాడలోనే అన్నారుగా. అందులో మీ ఫొటో ఒక్కటి గోడ ఎక్కిందనుకోండి, నేనింక నోరెత్తను. బాత్రూంలో ఫొటోలు కడిగే మీ ట్రేలూ మందులూ ఎన్నాళ్ళైనా పెట్టుకోండి, నేను పక్కింటికెళ్ళి స్నానం చేసొస్తాను. ఎక్కలేదనుకోండి, ఆ కెమెరా తీసుకెళ్ళి మా నాన్న స్టూడియోలో కూర్చోవాలి. ఆయనకి కన్ను ఆనడం లేదు. సెలవు రోజుల్లో పాస్‌పోర్టు సైజులూ పెళ్ళిళ్ళూ మీరు చూసుకోవాలి. సరేనా?"

సరేనన్నాను. గెలిచేవాడికి పందెం అంటే భయం దేనికి?

జూన్ 8

ఒకటి వేసిందెవరో తెలిసింది. కళ్ళజోడు మార్చుకోవాలి ఆయన.

జూన్ 14

మావయ్య స్టూడియోకి వెళ్ళాను. ఏదో ఓదార్పు దొరుకుతుందని వెళ్ళానని కాదు, ఊరికే వెళ్ళాను. జీవరత్నం మావయ్య బసవపున్నయ్య ఫొటోని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కంటికి ఆనించుకుని చూశాడు.

"అల్లుడూ, దీనికి ఐదా? రెండు చెవులూ వచ్చాయి కదయ్యా! గడ్డం దించాడు, గుండీ పెట్టుకున్నాడు, కన్ను ఆర్పలేదు. ఇంకేం కావాలంట వాళ్ళకి?"

అదీ మాటంటే. నాకు ఫొటోలు తీయడం నేర్పింది ఈయనే. గడ్డం కొంచెం కిందికి, చూపు ఇటు, ఊపిరి బిగబట్టండి, కదలొద్దు. నొక్కాక "అయిపోయిందండీ" అని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే పాపం జనం ఊపిరి వదలరట. ఒకసారి ఎవరో పెద్దాయనకి చెప్పడం మరిచిపోతే కళ్ళు తేలేశాడట. మావయ్య ఇది చెప్పి ప్రతిసారీ నవ్వుతాడు, నేనూ నవ్వుతాను.

జడ్జీలకి చదువు ఎక్కువైంది. అంతకంటే ఏం లేదు.

జూలై 1

చాలా పెద్ద సంగతి జరిగింది. వరసగా రాయాలి.

పొద్దున డ్యూటీ ఎక్కేముందు బసవపున్నయ్యని మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ తెల్లచొక్కా, మళ్ళీ దువ్వెన. ఊపిరి బిగబట్టాడు. మీట నొక్కాను, అలవాటుగా "అయిపోయిందండీ" అనేశాను. తీరా చూస్తే కెమెరా పలకలేదు. రీలు తిప్పడం మరిచిపోయాను. గబగబా తిప్పి తలెత్తేసరికి బసవపున్నయ్య పొట్ట వదిలేశాడు, చొక్కా గుండీలు రెండు ఊడదీశాడు, వెనకాల పాలు పొంగుతుంటే "ఓరి నీ తల్లీ!" అని పాలని తిడుతూ నవ్వుతున్నాడు. నా వేలు దానంతట అదే నొక్కేసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, బాత్రూం కిటికీకి దుప్పటి కట్టి ఫొటో కడిగాను. నీళ్ళలో ఆ మొహం పైకి తేలుతుంటే నేనే కేక పెట్టాను. డయానా తలుపు కొట్టి "తేలుగానీ కుట్టిందా?" అంది.

మనిషి ఉన్నాడు అందులో. ఇన్నాళ్ళూ నేను చొక్కాల్ని ఫొటోలు తీశాను.

జూలై 5, ఆదివారం

పది! నాలుగు, మూడు, మూడు.

రామకోటేశ్వరరావు గారు "ఇదీ టీ కొట్టంటే" అన్నారు. ఆయన మంచి మనిషి. నాకు మొదట్నుంచీ ఆయన మీద గౌరవమే.

జూలై 19

కిటుకు ఇంత చిన్నదని తెలిస్తే ఏడాది వృథా అయ్యేది కాదు. ముందు అందరినీ మావయ్య పద్ధతిలోనే నిలబెట్టాలి. చెవులు, గడ్డం, ఊపిరి. నొక్కినట్టు నటించి "అయిపోయిందండీ" అనాలి. అప్పుడు ఆగాలి. ఒక్క క్షణమే. భుజాలు దిగుతాయి, నోరు వదులవుతుంది, మనసులో ఉన్నదేదో మొహం మీదికి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నొక్కాలి.

ఇది అబద్ధమా అని నన్ను నేనే అడిగాను. కాదు. కాస్త ముందుగా చెప్పిన నిజం. బస్టాండులో నేను రోజంతా చేసేదీ అదే కదా. నూజివీడు బస్సు ఎప్పుడండీ అంటే, అదిగో వచ్చేస్తోంది అంటాను. అది రాదా? వస్తుంది. ఎప్పటికో అప్పటికి.

ఆగస్టు 2, ఆదివారం

పదకొండు. మూటల మీద కూర్చున్న హమాలీ. నిలబడ్డప్పుడు సింహంలా ఉన్నాడు, అయిపోయిందనగానే చంటిపిల్లాడైపోయాడు.

ఆగస్టు 9

మావయ్యకి పదకొండు మార్కుల ఫొటో చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. "రెండో చెవి ఏదయ్యా?" అన్నాడు ముందు. ఎలా తీశానో గొప్పగా చెప్పాను. నవ్వలేదు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"అయిపోయింది అన్నాక తీయకూడదు అల్లుడూ."

"ఏం, ఎందుకని?"

"అయిపోయింది అన్నాం కాబట్టి."

ఇదేం లాజిక్కో. ముసలాయనకి చాదస్తం ఎక్కువైంది. పాత కాలపు స్టూడియో మనిషి, కళ సంగతి ఆయనకేం తెలుసు.

సెప్టెంబర్ 6, ఆదివారం

పన్నెండు. క్లబ్బులో ఈ నెల నాదే మొదటి స్థానం. కిటికీలోంచి చూడలేదు ఇవాళ, జడ్జీల వైపే చూశాను. డయానాకి మల్లెపూలు కొన్నాను. "పందెం ఓడిపోతానని ఇప్పుడే బుజ్జగింపులా?" అంది. ఓడిపోయేది నువ్వు తల్లీ అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. చాలా రోజులైంది ఇలా నవ్వి.

సెప్టెంబర్ 15

జమాల్ బీ ఫొటో తీయమని అడిగింది.

జంక్షన్ బస్టాండులో ఆవిడ గొంతు వినని బస్సు లేదు. జామకాయల గంప నెత్తిన పెట్టుకుని కిటికీ కిటికీకీ తిరుగుతూ, డ్రైవర్లతో పరాచికాలాడుతూ, చిల్లర లేదన్న కండక్టర్లని కడిగేస్తూ ఉంటుంది. ఇంట్లో మొగుడు దాదాపీర్ మంచం పట్టి రెండేళ్ళు. ఆ మాట బస్టాండులో ఎవరి దగ్గరా అనదు. నాకు తెలిసిందీ బసవపున్నయ్య ద్వారానే.

ఇవాళ గంప దించి, జాకెట్లోంచి ఓటు కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది.

"చూడండి కంట్రోలర్ బాబూ. మనిషిలా ఉన్నానా?"

నిజంగానే లేదు. ఆ రోజు లైను తోసుకొచ్చేసిందట, కూర్చోకముందే తీసేశారట. ఒక కన్ను మూసుకుపోయి, నోరు తెరుచుకుని, కొంగు ఎటో పోయి ఉంది. ఓటెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా కార్డు చూసి ఏజెంట్లు నవ్వుతారట. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ దిగిన ఫొటో అదొక్కటేనట.

"ఒక్కటంటే ఒక్కటి మంచిది తీసి పెట్టండి బాబూ. మా ఆయనకి చూపించాలి. నేనిట్టా ఉంటానని ఆయన మర్చిపోయుంటాడు."

తీస్తానన్నాను. ఎంత మంచి మొహం! ఈవిడని ఇన్నాళ్ళూ ఎలా వదిలేశానో నాకే తెలియదు.

సెప్టెంబర్ 17

తీశాను.

సెప్టెంబర్ 18

నిన్న పూర్తిగా రాయలేదు, ఇవాళ రాస్తాను.

ఉతికిన ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. తలనిండా కొంగు కప్పుకుంది. పౌడరు రాసుకుంది, మొహం మెడ కంటే ఒక రంగు తెల్లగా ఉంది. బుకింగు గది పక్క గోడకి ఆనుకుని నిలబడి, నవ్వు ఎంత ఉండాలో అంత పెట్టుకుని, ఊపిరి బిగబట్టింది. టీ కొట్టు దగ్గర జనం కూడా నోరు మూసుకుని చూశారు.

"అయిపోయిందమ్మా" అన్నాను.

నవ్వు తీసేసింది. కొంగు భుజం మీదికి జారింది, సర్దుకోలేదు. వెళ్ళి గంప పక్కన గట్టు మీద చతికిలబడి, ఎటో చూసింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. బస్టాండులో ఎవరూ చూసి ఉండరు. రెండేళ్ళ నుంచీ ఇంట్లో ఉన్నదంతా అందులో ఉంది.

నొక్కాను. రీలు అయిపోయింది.

ముందు మామూలుది ఒకటి తీసి ఉండాల్సింది. రీల్లో ఒక్కటే మిగిలిందని నాకు తెలియదు.

తెలుసు. తెలియదని రాద్దామనుకున్నాను. తెలుసు.

సెప్టెంబర్ 19

"ఎట్టా వచ్చాను బాబూ?" అని అడిగింది.

"మహారాణిలా వచ్చావమ్మా" అన్నాను.

ఇంకో రీలు వేసి ఇంకోటి తీసేస్తే సరిపోయేది. మహారాణిలా వచ్చిందని చెప్పాక మళ్ళీ నిలబెట్టడం ఎలా? వచ్చే వారం ఏదో ఒకటి చెప్పి తీస్తాను. ఇదేం పెద్ద సమస్య కాదు.

సెప్టెంబర్ 28

"ఫొటో?"

"కడుగుతున్నారమ్మా."

అక్టోబర్ 4, ఆదివారం

పద్నాలుగు! ఐదు, ఐదు, నాలుగు.

క్లబ్బు పుట్టాక పద్నాలుగు ఎవరికీ రాలేదట. రామకోటేశ్వరరావు గారు లేచి ఫొటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "నతానియేలు గారూ, ఈ మనిషి దుఃఖం నాకు తెలిసినట్టే ఉందండీ. డిసెంబర్ పోటీకి ఇది పంపండి. గోడ ఎక్కకపోతే నేను క్లబ్బు మానేస్తాను" అన్నారు. ఇంగ్లీషులో పేరు కూడా ఆయనే పెట్టారు, ఒంటరి అని అర్థం వచ్చేలా.

నేను సామాన్యుణ్ణి కాదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను. నేను సామాన్యుణ్ణి కాదు.

అక్టోబర్ 13

"ఫొటో బాబూ?"

"లాబ్‌లో మిషను పాడైందట."

నేను బాత్రూంలో కడుగుతానని ఆవిడకి తెలియదు.

అక్టోబర్ 30

ఈ మధ్య టీ కొట్టుకి వెనక వైపు నుంచి వెళ్తున్నాను. ముందు వైపు ఎండ ఎక్కువగా ఉంటోంది.

నవంబర్ 8

బాత్రూంలో తీగకి ఆరేసిన పెద్ద ప్రింటుని డయానా చూసింది. పోటీకి పంపడానికి మళ్ళీ వేశాను, మొదటిదానికంటే బాగా వచ్చింది. చూస్తూ నిలబడింది. చీపురు చేతిలోనే ఉంది.

"జామకాయల ఆవిడేనా? మొన్న అత్తిలి వెళ్ళేటప్పుడు మనకి కొసరేసింది, ఆవిడే కదా?"

"ఆవిడే."

"చూపించారా ఆవిడకి?"

"చూపిస్తాను."

"నేనిలా కూర్చున్నప్పుడు నన్నెవరైనా తీస్తే వాళ్ళ కెమెరా కాలవలో పడేస్తాను" అంది. తర్వాత, "కానీ ఎంత బాగా తీశారండీ" అంది. ఆ రెండూ ఒకే గొంతుతో అంది. నేను రెండోది గుర్తుపెట్టుకున్నాను.

నవంబర్ 16

ఇవాళ నిజంగానే చెబుదామని వెళ్ళాను. ఫొటో సరిగ్గా రాలేదమ్మా, మళ్ళీ తీస్తాను, అంతే కదా చెప్పాల్సింది. నేను నోరు విప్పేలోపే చేతిలో రెండు దోర జామకాయలు పెట్టి, "మీ మిషను బాగయ్యిందా?" అంది. ఇంకా లేదన్నాను.

నవంబర్ 20

పంపేశాను. రిజిస్టర్డు పోస్టు.

డిసెంబర్ 7

గోడ ఎక్కింది!

పదిహేనుకి పదమూడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జడ్జీలు. సర్టిఫికెట్టు కూడా ఇస్తున్నారు. మన జిల్లా నుంచి సర్టిఫికెట్టు నాకొక్కడికే. వాళ్ళు పంపిన కార్డు చదివి డయానా నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఓడిపోయానండీ, పక్కింటికి సబ్బు పెట్టె కూడా సర్దుకుంటాను" అంది. ఎత్తుకుని తిప్పాను. నడుం పట్టేసింది. ఏడాదిన్నర నుంచీ పడ్డ అవమానాలన్నీ ఒక్క పోస్టుకార్డుతో పోయాయి. ఈ సంతోషం ఇంకెవరికైనా చెప్పకపోతే పేలిపోతాను.

డిసెంబర్ 8

బసవపున్నయ్యకి చెప్పాను. జమాల్ బీకి చెప్పొద్దని చెప్పడం మరిచిపోయాను.

డిసెంబర్ 10

"మా బస్టాండంతా చెబితేగానీ నాకు తెలీలేదు బాబూ! బెజవాడలో గోడకి పెట్టారంటగా నన్ను? అందుకా ఇన్నాళ్ళూ ఫొటో ఇవ్వంది! నేనింకా మీకు కుదర్లేదేమో అనుకుంటున్నా."

ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఎగ్జిబిషన్ చివరి రోజు ఆదివారం వస్తానంది. ఊరికే ఎందుకమ్మా అంత దూరం, శ్రమ అన్నాను.

"దూరమేముంది, మీరెక్కించే బస్సేగా. మా ఆయనకి చెప్పా. చూసొచ్చి ఎట్టా ఉన్నానో చెప్పమన్నాడు."

డిసెంబర్ 15

నిద్ర పట్టడం లేదు. ఒక సంగతి మాత్రం ఖాయం. ఫొటో గొప్పది. గొప్ప ఫొటోని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఆవిడకీ అర్థమవుతుంది. పదమూడు మార్కులు ఊరికే వేస్తారా?

డిసెంబర్ 20, ఆదివారం

వచ్చింది.

అదే ఆకుపచ్చ చీర, అదే పౌడరు. చెప్పులు మెట్ల కింద విప్పుతుంటే, అక్కర్లేదమ్మా అని నేనే ఆపాను. లోపల లైట్లు, గోడల నిండా ఫొటోలు, చివరి రోజని జనం బాగానే ఉన్నారు. చంకలో సర్టిఫికెట్టు కవరు పెట్టుకుని ఆవిడ పక్కన నడిచాను. చూపిద్దామనే నడిచాను. ముందు నేను చెప్పేస్తాను, తర్వాత చూపిస్తాను, అనుకున్నాను. ముందు ఇటు చూద్దాం రామ్మా అన్నాను.

ఒక్కొక్క ఫొటో దగ్గరా ఆగి చూసింది. పులిని చూసి "అమ్మో" అంది. కొల్లేరు కొంగల్ని చూసి తన చుట్టాలున్న ఊరి పేరు చెప్పింది. ఆవిడకి చదువు రాదు, కింద చీటీల మీద పేర్లు చూడలేదు, మొహాలే చూస్తోంది. మలుపు తిరిగాం. నా ఫొటో వచ్చింది.

ఆగింది. తలుపంత పెద్దదిగా కాకపోయినా ఆ గోడకి అదే పెద్దది. నలుపూ తెలుపూ, జారిన కొంగు, చెదిరిన జుట్టు, గంప అంచు కొంచెం. మిగతా వాటి దగ్గర కంటే ఎక్కువసేపు నిలబడింది.

"ఎవరో పాపం" అంది. "ఎవరు పోయారో."

నడిచి ముందుకు వెళ్ళిపోయింది.

గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేదనే అనుకుంటున్నాను. చేతి అద్దంలో పౌడరు రాసుకునేటప్పుడు తప్ప ఆవిడ తనని తాను చూసుకున్నదెక్కడ? ఒంటరిగా కూర్చున్నప్పుడు తన మొహం ఎలా ఉంటుందో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

హాలంతా అయిపోయింది. ఏ గోడ మీదా తను కనపడలేదు. ఎక్కడో దాటేశానేమోనని మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఈసారి రంగుల ఫొటోల దగ్గర, నవ్వుతున్న ఆడవాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఆకుపచ్చ చీర ఎక్కడ కనపడినా దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ నా ఫొటో దగ్గరికి వచ్చేసరికి అక్కడ రామకోటేశ్వరరావు గారు నలుగురిని వెంటబెట్టుకుని చెబుతున్నారు. "ఆ కళ్ళు చూడండి. ఈమెని చూస్తే మీరు మీ ఇంట్లో మనిషిని గుర్తుపట్టినట్టు ఉంటుంది." జమాల్ బీ ఆ మాటలు వింటూ సరిగ్గా ఫొటో ముందు నిలబడిపోయింది. ఆయన మర్యాదగానే అన్నారు.

"కొంచెం పక్కకి జరగమ్మా. వాళ్ళు చూస్తారు."

జరిగింది. కొంగు సరిచేసుకుని గోడవారగా నిలబడింది.

సిగ్గేసింది. రాస్తున్నప్పుడు సగం రాయడం ఎందుకు, చచ్చేంత సిగ్గేసింది. అక్కడ నిలబడ్డ అందరిలోకీ ఆవిడెవరో తెలిసింది నాకొక్కడికే. ఆవిడని పక్కకి జరపమని చెప్పింది ఆయన కాదు, సెప్టెంబర్లోనే నేను చెప్పాను.

బయట మెట్ల దగ్గరికి వచ్చాక అడిగింది. "నా ఫొటో ఏది బాబూ? రెండుసార్లు తిరిగాను."

లోపల ఉందమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఆ ఎవరో పాపం నువ్వే అని చెప్పాలి. ఇంటికెళ్ళాక దాదాపీర్ అడుగుతాడు, ఎట్టా ఉన్నావే అని.

"పెట్టలేదమ్మా" అన్నాను. "బసవపున్నయ్య సరిగ్గా వినలేదు. పంపాను గానీ మార్కులు రాలేదు. తిప్పి పంపేశారు."

"అట్టాగా" అంది. కాసేపు మెట్ల మీద ఎండని చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనిపించిందో తెలియదు, ఆవిడ గొంతు మారిపోయింది.

"దానికెందుకు బాబూ మీరింత ఇదైపోతారు? పోనీండి."

ఒక్కదాన్నే పంపలేక నేనూ జంక్షన్ బస్సెక్కాను. ముందు సీట్లో నా పక్కనే కిటికీ వైపు కూర్చుంది. రామవరప్పాడు దాటాక అడిగింది.

"ఎన్ని వేశారేంటి?"

"నాలుగు."

"పదికా?"

"పదిహేనుకి."

"పదిహేనుకి నాలుగా! వాళ్ళ కళ్ళు పాడుగాను! ఆ గోడల మీదున్నవాటికి వేశారే, మరి మీకేం తక్కువైందంట? మబ్బులకి మార్కులు, కొంగలకి మార్కులు! కష్టపడి నిలబెట్టి తీసినదానికి నాలుగా?" వెనక సీటువాళ్ళు తొంగి చూశారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. తర్వాత గొంతు తగ్గించి నా వైపు వంగింది. "మీరు బాగానే తీశారు బాబూ. నాకు తెలుసు. నేనే సరిగ్గా నిలబడలేదేమో. ఊపిరి బిగబట్టమంటే ముందే వదిలేసుంటాను. ఈసారి గట్టిగా నిలబడతా. మళ్ళీ తీద్దురుగాని."

ఏడాదిన్నరగా నాకు తక్కువ మార్కులు వచ్చిన ప్రతిసారీ నా తరఫున జడ్జీలని నేనొక్కణ్ణే తిట్టుకున్నాను. నిజంగా నాకోసం తిట్టినవాళ్ళు ఈవిడ తప్ప ఎవరూ లేరు.

గన్నవరం దాటినా తిడుతూనే ఉంది. సర్టిఫికెట్టు నలగకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను.